జేబులో దాచిన తాయెత్తు

నిన్న సాయంత్రం చిన్నవాడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, ఎప్పటిదో అలవాటు కొద్దీ వాడి పాదాలు పట్టుకుని చూశాను. ఒళ్లు పెనంలా కాలుతోంది, పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి. ఆ తేడా మంచిది కాదని నాకు తెలుసు. మావారు పరీక్షల పని మీద ఊళ్లో లేరు, యూనివర్సిటీ క్వార్టర్స్‌లో మా పక్కింటికి తాళం. వాణ్ణి భుజాన వేసుకుని, పాపను చెయ్యి పట్టుకుని, ఆటోలో తార్నాక ఆసుపత్రికి పరుగెత్తాను.

సెలైన్ పెట్టాల్సిన చేతికే మా అత్తగారు కట్టిన ఎర్రదారం ఉంది. నర్సమ్మాయి కత్తెర తీసి, వాడి బెదురు చూసి, మళ్లీ జేబులో పెట్టేసుకుంది.

"కొయ్యనక్కా, ముడి విప్పుత. గీ స్టాండుకే కడత, బాబుకు కనవడుతుంటది."

ఆ దారం కళ్లముందు వేలాడుతుంటే నర్సుగా నా ఉద్యోగపు రోజులు గుర్తుకొచ్చాయి. యూనిఫామ్‌కు గంజి పెట్టుకుని పరుగులు తీసిన నా తోటివాళ్లకు తెలుసు, ఆపరేషన్‌కు ముందు రోగి ఒంటి మీది గాజులూ పుస్తెలూ తాయెత్తులూ తీయించి ఇంటివాళ్ల చేతికివ్వడం మా పనే. నేను కొత్తగా చేరిన రోజుల్లో వారాసిగూడ నుంచి ఒక అమ్మమ్మను తెచ్చారు. పేగు మెలిపడింది, ఆలస్యమైతే ప్రాణం దక్కదు, డాక్టరుగారు తొందరపెడుతున్నారు, కొడుకేమో ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆవిడ ఏదో ప్రార్థన గొణుగుతూ, దండచేతికున్న తాయెత్తు మీద చెయ్యి తీయదు.

"ఇది లేకుంట నేను రాను బిడ్డా. సస్తే గీడనే సస్త."

చివరికి, దీన్ని శుభ్రమైన గాజుగుడ్డలో చుట్టి నా జేబులో వేసుకుంటాను, మీరు బయటికొచ్చేదాకా ఇది నా దగ్గరే, నేను ఈ తలుపు దగ్గరే, అన్నాను. ఆవిడ చెయ్యి తీసింది, ఆవిడ చూస్తుండగానే తాయెత్తు నా జేబులోకి చేరింది. డ్యూటీ అయిపోయినా నేను ఆ తలుపు దగ్గరి బల్ల మీదే కూర్చున్నాను. ఆవిడ చేసే ప్రార్థన నాకు రాదు, జేబు మీంచి చెయ్యి మాత్రం తీయలేదు. మత్తు దిగాక ఆవిడ అడిగిన మొదటి మాట, "ఉన్నదా?"

మర్నాడు తోటి నర్సులు వదల్లేదు. "ఏందమ్మా పూజారమ్మా, ఇయ్యాల ఏ దేవుణ్ణి జేబుల ఏసుకున్నవ్?" నేనూ నవ్వాను గానీ, నేను నర్సునని నాకు గట్టిగా అనిపించింది మాత్రం ఆ రోజునుంచే.

పెళ్లయ్యాక, కర్నూలు నుంచి వచ్చినప్పుడల్లా మా అత్తగారు అందరికీ "మా కోడలు బీఎస్సీ" అని చెప్పేవారు. నర్సింగ్ అన్న మాట మింగేసేవారు. పాప పుట్టి ఉద్యోగం మానేశాక నేనూ మింగడం నేర్చుకున్నాను. నిన్న ఆ అమ్మాయి సూది గుచ్చుతూ, "మీరేం చేస్తరక్కా?" అని అడిగితే, "ఇంట్లోనే" అన్నాను. అంతమంది మధ్య అంత ఒంటరిగా నాకెన్నడూ అనిపించలేదు.

తెల్లారేసరికి జ్వరం దిగింది, ఇంటికి పంపేశారు. ఇప్పుడు పిల్లలిద్దరూ నిద్రపోయారు, నేను ఇది రాస్తూ మధ్యమధ్య లేచి వాడి పాదాలు పట్టుకుని చూస్తున్నాను. గంజి పెట్టిన ఆ తెల్ల యూనిఫామ్‌లు పోయాయి, నిన్నటి అమ్మాయి నీలిరంగు వేసుకుంది. జేబులో ఒకరి నమ్మకాన్ని మోసే పని మాత్రం సాగుతూనే ఉంది, అందులో నేనే లేను.

ఈ ఉదయం వాడి చేతికి ఎర్రదారం తిరిగి కడుతుంటే, పాప పాలగ్లాసు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

"తమ్ముడికి సీరియస్ అని నీకెట్ల తెలిసిందమ్మా?"

"నేను నర్సును కదమ్మా."

"ఎప్పుడు?"

ముడి బిగించి, ఇద్దరి వైపూ చూసి, "ఇప్పుడు కూడా," అన్నాను.