పాల కేంద్రంలో కాగితం తెర

నాగాయలంక దగ్గర మా ఊరి పాల కేంద్రానికి కంప్యూటరు వచ్చేనాటికి నేను అక్కడ పాలు కొలవబట్టి పన్నెండేళ్ళు. నా చదువు మూడో తరగతి. మా పాల సంఘం ప్రెసిడెంటు గారు ముందే చెప్పేశారు: "వానలు పడేలోపు దీనిమీద నీ చెయ్యి తిరగాలమ్మా. లేకపోతే ఇంటరు చదివినవాళ్ళని పెట్టుకోవాల్సి వస్తుంది."

ఆ పని పోతే నాకు తెల్లారినట్టే ఉండదు.

ప్రోగ్రాం రాసే అబ్బాయి గుడివాడ నుంచి వచ్చేవాడు. అంతా ఒక్కసారే చేసి తెచ్చేవాడు కాదు. రెండు వారాలకో ముక్క తెచ్చి, నా చేత నొక్కించి, తప్పులు రాసుకుని వెళ్ళేవాడు. మొదటి దోసె రుచి చూసి పిండిలో ఉప్పు సరిచేసుకున్నట్టు. పద్ధతి నాకు నచ్చింది. తెర ఎలా ఉండాలో గీసే అమ్మాయి మాత్రం బందరులో కూర్చుని, అతని పని అయిపోయాక పైన రంగులు వేసేదట.

మొదటి ముక్కలోనే చిక్కొచ్చింది. సభ్యుడి నెంబరు కొడితేగాని తెర పాలు రాసుకోదు. మా ఊళ్ళో పాలు పోసేవాళ్ళు వరసలో నిలబడరు. క్యాను తెచ్చి వరసలో పెట్టి, గేదెకి గడ్డి వేయడానికి వెళ్ళిపోతారు. నిలబడేది క్యాన్లే. మూతకి ఎర్ర గుడ్డ కట్టింది ఎవరిదో, చెవి విరిగింది ఎవరిదో, ఎనభై క్యాన్లూ నాకు తెలుసు. నెంబర్లు మాత్రం వాళ్ళకీ గుర్తులేవు, నాకూ గుర్తులేవు.

జాబితాలో వెతుక్కుంటూ కూర్చునేసరికి, పాల వ్యాను హారను కొట్టి కొట్టి సగం క్యాన్లు వదిలేసి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ఆ పాలు విరిగాయి.

"ఏంటి వదినా, మీ కంప్యూటరు పాలు కూడా తాగుతుందా?" అంది పక్కింటావిడ.

ప్రెసిడెంటు గారు వచ్చి పాలు విరిగిన క్యాన్లు లెక్కపెట్టుకుని వెళ్ళారు. అది చూసి భయమేసింది.

"ఈసారి నెంబరు పెద్దగా కనబడేట్టు పెడతానండి పిన్నిగారూ," అన్నాడు అబ్బాయి.

"ఏనుగంత పెట్టినా తెలియంది తెలియదు బాబూ. ఆ గీసే అమ్మాయిని ఒకసారి పంపు."

వచ్చింది. మూడు రోజులు మా ఇంట్లోనే ఉండి, నాతోపాటే లేచి, బోర్లించిన క్యాను మీద కూర్చుని నా చేతులే చూసింది.

"ఇది ఎవరిదో ఎలా తెలిసిందండీ?"

"గుడ్డ చూడమ్మా."

"గుడ్డ మార్చేస్తే?"

"మారిస్తే నేను తిట్టనూ!"

మూడో రోజు కాగితం మీద నెంబర్లకి బదులు క్యాన్ల బొమ్మలు గీసి నా ముందు పెట్టింది. "నొక్కండి," అంది.

"కాగితాన్నా?"

"కాగితాన్నే."

నేను వేలు పెడితే ఇంకో కాగితం తీసేది, తనే కంప్యూటరైనట్టు. బొమ్మలు పేర్ల వరసలో ఉన్నాయి. "ఇలా కాదమ్మా, వీధి వరస కావాలి. కాలవ గట్టువాళ్ళు ముందొస్తారు," అన్నాను. రబ్బరుతో చెరిపి అప్పటికప్పుడే మళ్ళీ గీసింది. అబ్బాయి ప్రోగ్రాం రాసేశాక చెప్పి ఉంటే ఆ రెండు వారాల పనీ వృథా అయ్యేది.

అప్పట్నించి అతను ఒక ముక్క రాస్తుంటే, ఆమె తర్వాతి ముక్క కాగితాలతో నా దగ్గర ఉండేది. ఇద్దరూ కలిసే వచ్చి, కలిసే పోట్లాడుకునేవాళ్ళు.

"ఎనభై బొమ్మలు పెడితే మెషీను నత్తలా నడుస్తుంది!"

"అయితే వీధికో తెర పెట్టు. నీ సొమ్మేం పోయింది?"

మధ్యలో నేను మజ్జిగ ఇచ్చేదాన్ని.

వానల ముందు ఓ పొద్దున ప్రెసిడెంటు గారు వచ్చి నా వెనకే నిలబడ్డారు. వ్యాను వచ్చేసరికి తెర మీద బొమ్మలు నొక్కుకుంటూ క్యాన్లన్నీ ఖాళీ చేసి, కడిగి బోర్లించాను. ఆయన ఆ క్యాన్లు చూసి, "ఇంటరు చదివిన పిల్ల ఒకతికి మాటిచ్చానమ్మా," అన్నారు.

నా పని పోయినట్టే అనుకుని తడి చేతులు కొంగుకి తుడుచుకున్నాను.

"రేపు పంపిస్తాను. నీ దగ్గర నేర్చుకోనీ. నువ్వు రాలేని రోజుకి పనికొస్తుంది."

ఆ పిల్లని వారం దాకా మౌసు ముట్టుకోనివ్వలేదు. ముందు క్యాన్లు చూడమన్నాను.