మండెకు ఆవిరి పట్టిన కోడలు

బాన్సువాడ బస్టాండ్ల దిగి, "ఆవిరి కోడలు ఇల్లు ఏడున్నది అన్నా?" అని ఏ ఆటో అన్నను అడిగినా మా గడప ముంగట దించుతడు. దారి పొడుగునా నా కథ ఊకెనే చెప్తడు. ఆయన చెప్పే కథల నేను ఇరవై బస్తాల వడ్లు ఉడకబెట్టిన అని ఉంటది. అబద్ధం! ఉడకబెట్టింది రెండే. గది సరిజేద్దామనే ఇయ్యాల కూసున్న. ఎవుసం చేసే ఇంటిని ఒక్క పూటల ఎట్ల ఆగం చెయ్యాలెనో నాకంటె మంచిగ చెప్పేటోళ్ళు మీకు దొరకరు.

అప్పటికి నా పెండ్లయి ఐదు నెలలు. డిగ్రీ చదివిన, ఫోన్ల వీడియోలు మస్తు చూసిన, కాబట్టి లోకంల నాకు తెల్వనిది ఏం లేదు. గా వీడియోల్లనే ఒకామె చేతిల కెటిల్ అంత మిషన్ పట్టుకోని బొటనవేలుతోని బటన్ ఒత్తింది. బుస్సుమని ఆవిరొచ్చింది, పొయ్యి మీది జిడ్డంతా కారిపోయింది. ఇగ నా పానమంతా దాని మీదనే. మా ఆయనను పది రోజులు సతాయించి తెప్పిచ్చుకున్న.

డబ్బా ఇప్పంగనే మా అత్తమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేంది పిల్లా, ఇడ్లీలు పెట్టేదా?"

"కాదు అత్తమ్మా, ఇల్లు సాఫ్ చేసేది. సబ్బు అక్కర్లే, పౌడర్ అక్కర్లే. ఉత్త నీళ్ళ ఆవిరి."

"చాయ్ పెడితె గూడ ఆవిరొస్తది. దాంతోని నేనెన్నడు ఇల్లు కడగలే."

"చూస్తుండుండ్రి!" అన్న. నా నోటికి గా మాట అలవాటు. మా అమ్మ నన్ను అత్తగారింటికి తోలేటప్పుడు చీరెల మూటతోని పాటు, "బిడ్డా, నోరు జర తగ్గిచ్చుకో" అని ఒక ముక్క గూడ ఇచ్చింది. చీరెలు తెచ్చుకున్న, ముక్క ఆడనే మర్చిపోయిన.

నిజం చెప్పాలె, మిషన్ మంచిదే. పొయ్యి బర్నర్లు కొత్తగైనయి. ఫ్రిజ్ తలుపు రబ్బర్ల నల్లగ పేరుకున్నదంతా ఊడొచ్చింది. బాత్రూం టైల్స్ సందులు తెల్లగైనయి. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడంటరు చూడుండ్రి, నేను అచ్చం అట్లనే పొద్దు మర్చిపోయి కిటికీ జాలీలు, ఫ్యాన్ రెక్కలు, చెప్పుల స్టాండ్, దేన్నీ ఇడవలే. ఆ ఊపుల బీరువ తలుపు మీద ఆవిరి పట్టిన. దాని మీద మా ఆడిబిడ్డ చిన్నప్పుడు అంటిచ్చిన పువ్వుల స్టిక్కర్లు ఉండె. ఒక్కొక్కటే జారి కింద పడ్డయి.

అత్తమ్మ గా తడి స్టిక్కర్లను ఏరి చేతిల పెట్టుకున్నది. "పోరి పెండ్లయి పోయినంక గివ్వే చూసుకుంట ఉంటి," అన్నది.

నాకు నిజంగనే బాధయింది. కానీ బాధయినప్పుడు నా నోరు ఇంకింత లేస్తది. "మురికేదో పువ్వేదో మిషన్‌కేం తెలుస్తది అత్తమ్మా?" అన్న.

"ఇంకొక్కటి ఖరాబ్ చెయ్యి, గా మిషన్‌ను పాత సామాన్లాయనకు ఇచ్చి ఉల్లిగడ్డలు తీసుకుంట. నా మాట రాసి పెట్టుకో!"

సరిగ్గ గా వారంలనే చలికాలం ఏసే యాసంగి పంటకు నార్లు మొదలైనయి. తెల్వనోళ్ళకు చెప్త. విత్తనం వడ్లను ఒక దినం నానబెట్టి, గోనెసంచుల కట్టి, మీద గడ్డి కప్పి, ఇంట్ల ఒక మూలకు పెడ్తరు. దాన్ని మండె కట్టుడు అంటరు. లోపట ఎచ్చగయి మొలక ముక్కు బయటికొస్తే అప్పుడు నారుమడిల చల్లుతరు. మామ మూడు చిన్న సంచులు కట్టి ఒకదాని మీద ఒకటి పేర్చిండు. కొన్న విత్తనం గాదది. పోయిన పంటల మంచి గొలుసులు, అంటె గింజ నిండిన వరి కంకులు, చూసి చూసి, తన చేతులతోని ఏరి దాచుకున్నది.

ఆ యేడు చలి ఎట్లున్నదంటె, కొబ్బరినూనె సీస బోర్లిస్తే చుక్క కారలే. మూడు దినాలైనా మండె పగల్లే, ఒక్క మొలక బయటికి రాలే. కాలువ నీళ్ళొచ్చినయి, మడి దున్ని తయారుగున్నది. మామ పొద్దుకు నాలుగు సార్లు సంచుల చెయ్యి పెట్టి చూస్తుండు, అన్నం సగం తిని లేస్తుండు.

"నారు ఎనకబడ్డదంటె కోతలు ఎనకబడ్తయి," అన్నడు అత్తమ్మతోని. "అప్పుడు వడగండ్లు పడితె చేతికి గడ్డే ఒస్తది. వడ్లకు చలి పెడ్తున్నది. జర ఎచ్చదనం దొరికితె రేపటికే పగుల్తయి."

ఎచ్చదనం! నేను తలుపు సాటుకు నిలవడి ఇన్న. ఇగ మీకు అర్థమయ్యే ఉంటది. మీకు అర్థమైంది, నాకే కాలే.

తెల్లారి అత్తమ్మ, మామ, మా ఆయన ముగ్గురు మడి కాడికి పోయిండ్రు. నేను ఇల్లు ఊడ్చుకుంట మండె కాడికొచ్చిన. చెయ్యి పెడితె సంచులు సల్లగున్నయి. మిషన్ వంటింట్ల ఉన్నది. అత్త మీది పంతం విత్తనం మీద తీరుద్దాం అనుకున్న. స్టిక్కర్లు పోతె పోయినయి, పంట నిలవెట్టిన కోడలని ఊరంత చెప్పుకోవాలె! మిషన్ల నీళ్ళు పోసిన, లైటు వెలిగేదాక ఆగిన, సన్నమూతి గొట్టం బిగిచ్చిన, పై సంచి మూతిల గుచ్చి బటన్ ఒత్తిన. అయిపోంగనే మళ్ళ నింపిన. నడిమి సంచికీ పట్టిన. ఆవిరి బయటికి పోకుంట రెండు చెద్దర్లు గూడ కప్పిన. బొటనవేలు బొబ్బలెక్కింది, ఆపలే. కింది సంచి లాగుదామంటె బరువుకు రాలే, దాన్ని ఇడిచిపెట్టిన. గా సంచికి ఇప్పటికీ దండం పెడ్త.

మధ్యాహ్నానికి ఇల్లంతా కమ్మటి వాసన. మొలకల వాసన గిట్లనే ఉంటది గావచ్చు అని మురిసిపోయిన.

అత్తమ్మ గేటు కాడనే ఆగింది. "ఎవలింట్ల వడ్లు ఉడుకుతున్నయి? రైస్ మిల్లు ముంగట నిలవడ్డట్టున్నది!"

నేను నవ్వుకుంట ఎదురువోయిన. "మామా, మీ ఫికర్ నేను తీర్చిన."

"ఏం చేసినవ్ బిడ్డా?"

"మండెకు ఎచ్చదనం పెట్టిన."

"ఎంత?"

"పన్నెండు ట్యాంకులు!"

మామ చెప్పులతోనే లోపటికి ఉరికిండు. చెద్దర్లు తీసి మూతి ఇప్పితె ఆవిరి ఆయన అద్దాలకు కొట్టింది. ఒక గింజ తీసి పండ్ల కింద పెట్టుకున్నడు. మెత్తగ నలిగింది. నేల మీద కూలవడ్డడు.

"ఉప్పుడు బియ్యం అయినయి," అన్నడు. "పానం పోయింది బిడ్డా వీటికి."

తిట్టినా మంచిగుండు. తిట్టలే. గా గింజను అరచేతిల పెట్టుకోని చూసుకుంట కూసున్నడు. నాకు భూమిల కూరుకపోవాలె అనిపిచ్చింది, కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. గప్పుడన్నా నోరు మూసుకోవాలె గదా? లేదు. "రేపటి దాక చూడుండ్రి మామా, మొలవకపోతె నా పేరు మార్చుండ్రి!" అన్న. ఊరోళ్ళు మార్చిండ్రు. మీరు ఆటోల ఇన్నది గా పేరే.

మా ఆయన గోడకానుకోని నవ్వు ఆపుకుంటుండు. అత్తమ్మ మిషన్‌ను సంకకెత్తుకున్నది. "ఏడీ గా ఉల్లిగడ్డలాయన?"

"మిషన్ తప్పేమున్నది అత్తమ్మా? జిడ్డు పొమ్మంటె పోగొట్టింది, ఎచ్చ వెట్టమంటె వెట్టింది. ఎక్కడ ఆపాలెనో తెల్వనిది నాకు. ఇస్తే నన్నియ్యుండ్రి ఉల్లిగడ్డలకు!"

"నీకు ఎవడిస్తడే ఉల్లిగడ్డలు!" అన్నది అత్తమ్మ.

తెల్లారి మామ, పాడైన వడ్లు ఎండబోద్దామని పై సంచులు రెండు పక్కకు లాగిండు. కింది సంచి మూతి ఇప్పిండు. ఇప్పి, "ఓ దేవుడా!" అన్నడు. అందరం ఉరికినం. సంచి నిండ తెల్లటి ముక్కులు! పై సంచుల సెగ దిగి దిగి, దానికి కావలసినంతనే తాకింది. మా కాలువ కింద ఇంకెవ్వలి మండె పగల్లే, మాదొక్కటే పగిలింది. ఇది ఆటో అన్న చెప్పడు. అందుకే నేను చెప్తున్న.

"చూసిండ్రా!" అన్న.

"నోర్ముయ్!" అని ముగ్గురు ఒక్కసారే అన్నరు.

గా విత్తనంతోని మామ అనుకున్న దినంల మడి చల్లిండు. తక్కువ పడ్డదానికి అత్తమ్మ తమ్ముడు బీర్కూర్ నుంచి తన కాడ మిగిలిన మొలక వడ్లు రెండు దినాలైనంక తెచ్చిచ్చిండు. నాట్లు ఆగలే, వడగండ్ల కంటె ముంగటనే కోతలైనయి. ఉడికిన వడ్లను పట్టిస్తె ఎర్రగ, లావుగ, ఒక తీరు వాసనతోని బియ్యమైనయి. అత్తమ్మ నా ఒక్కదానికే వేరుగ వండి, "తిను, నీ పంట," అని పెట్టేది. నేనేమన్న తక్కువా? మారు అడిగి మరీ తిన్న. మిషన్‌ను మాత్రం అత్తమ్మ అటక మీద పడేసింది.

మళ్ళ యాసంగి ఒచ్చింది. మళ్ళ గదే చలి. మామ మండె కట్టి అర్రకు తాళం ఏసి, తాళంచెయ్యి అత్తమ్మ కొంగుకు కట్టిండు. నేను అటు తిరిగి గూడ చూడలే. మూడో దినం మామ మడి కాడికి పోంగనే అత్తమ్మ నా పక్కకొచ్చి నిలవడ్డది. సంకల గా మిషన్, దుమ్ము తుడిచి ఉన్నది.

"పిల్లా," అన్నది మెల్లగ, కొంగు ముడి ఇప్పుకుంట. "పోయినసారి కింది సంచికి తాకినంత... గంతే... ఆవిరి పడ్తవా? మీ మామకు చెప్పకు."

కాబట్టి, ఓ బాన్సువాడ ప్రజలారా, ఆటో అన్నలారా! కాలువ నీళ్ళు చేతిల పోసుకోని ప్రమాణం చేస్తున్న. ఈ కట్టె కాలేదాక విత్తనం వడ్ల ముంగటికి ఆవిరి మిషన్ పట్టుకపోను. మా అత్తమ్మ తాళంచెయ్యి తెచ్చి చేతిల పెడితె తప్ప.