వినిపించని సింబల్స్

ఫిన్లండ్‌లోని టాంపెరేలో పాతికేళ్లు హెవీ మెటల్ బ్యాండుకి డ్రమ్ములు వాయించిన ఎస్కో, హెడ్‌ఫోన్లు ఎంచేటప్పుడు ముందు ఉన్నిటోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటాడు. తమ పాటే పెట్టించుకుని, కళ్లు మూసి, లేని డ్రమ్ముల్ని కాళ్లతో తొక్కుతాడు. ఈసారీ ముఖం చిట్లించాడు.

"ఇవీ దండగే మీర్వా! బేస్ గుండెల్లో గుద్దుతోంది గానీ నేను కొట్టిన ఇత్తడి తాళాలు, ఆ సింబల్స్ ఏవీ? నువ్వే విను."

"నీకు నచ్చేవి ఇంకా పుట్టలేదులే," అంటూ కొట్టు నడిపే మీర్వా చెవులకి తగిలించుకుంది. వింటూ వింటూ నవ్వు ఆపేసింది.

"నిజమే, ఇందులోనూ లేవు. వేరేవి తెస్తానుండు."

కానీ విన్నంతసేపూ ఆమె చూపుడువేలు, ఎస్కో ఒకప్పుడు వాయించిన సింబల్ దెబ్బల్నే, ఒక్కటీ తప్పకుండా బల్ల మీద కొట్టింది. ఎస్కో ఆ వేలినే చూస్తున్నాడు.

"వద్దులే," అని టోపీని చెవులు కప్పేలా లాక్కున్నాడు.