నాన్న మింగిన కోపం

మొన్న మేముండే ఊళ్ళోని బిర్సానగర్‌లో కీళ్ళ డాక్టరమ్మ నా రక్తం రిపోర్టు చూసి, ఒంట్లో వాపు ఎక్కువగా ఉందని, మందులతో పాటు మనసునూ కాస్త చూసుకోవాలని చెప్పి, "కోపం వస్తే ఏం చేస్తారు?" అని హిందీలో అడిగింది. "మింగేస్తాను" అన్నాను, అదేదో ఘనకార్యమైనట్టు. "ఎన్నేళ్ళుగా?" అంది. జవాబు చెప్పేలోపు మా నాన్న వేళ్ళు గుర్తొచ్చాయి. చిరాకేసింది. ఈ ప్రశ్న ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ హిందీ ఊళ్ళో, ఇనుము సాగదీసే ఒక చిన్న రోలింగ్ మిల్లులో చేరాడు. అక్కడి ఫోర్‌మన్ నోరు మంచిది కాదు. తప్పున్నా లేకున్నా నలుగురిలో హిందీలో దులిపేసేవాడు. నాన్న "జీ సార్" అని తల దించుకుని ఇంటికొచ్చేవాడు. సాయంత్రానికల్లా వేళ్ళ కణుపులు ఉబ్బి ఎర్రబడి, అన్నం కలుపుకోవడానికి కూడా అవస్థ పడేవాడు. అమ్మ దానికి వాతమని పేరు పెట్టి, చింతపండునూ వంకాయనూ ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. పులుపు లేని చారు ఏళ్ళ తరబడి తాగాం. ఫోర్‌మన్ సెలవు పెట్టిన వారాల్లో వాపు దానంతటదే తగ్గేది. కాలేజీలో చదువుతున్న నేను ఆ సంగతి కనిపెట్టి చెబితే, "గుంటడివి, నీకేటి తెల్సు" అని అమ్మ నోరు మూయించింది.

ఒక్కసారైనా తిరగబడొచ్చు కదా అని నాన్ననే అడిగాను. "కోపం నాకు తెలుగులో వత్తాదిరా, ఆడేటో హిందీలో తిడతాడు. నాను మాటలు కూడేసుకునేతలికి ఆడెల్లిపోతాడు" అన్నాడు. అందరం నవ్వాం. అలా నవ్వినందుకు ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. పోనీ నాకు హిందీ బాగానే వచ్చు కదా, ఆఫీసులో నేనెందుకు మింగానో!

ఆఖరికి ఫోర్‌మన్ రిటైరయ్యాడు. అప్పటికి నాన్న వేళ్ళు వంకర్లు తిరిగి, చొక్కా గుండీలు అమ్మే పెట్టేది. ఆ రోజు గుండీలు విప్పుతూ, "ఇంక ఆడి బయ్యం నేదు గదా, కడుపులోది కక్కీయండి. తెలుగులోనే తిట్టండి, నానింటాను" అంది అమ్మ. నాన్న మంచం మీద సర్దుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. మేమంతా ఎదురు చూశాం. అమ్మ మొహంలోకి చూసి, "ఏటని తిట్టనే? ఆడేటన్నాడో మర్సిపోనాను" అన్నాడు. అన్నేళ్ళ తిట్లనూ ఆయన మనసులోంచి తుడిచేసిన కాలం, ఒక్క వేలునైనా తిన్నగా చెయ్యలేకపోయింది.