లీటరుకి తొమ్మిది

ముంచింగిపుట్టులో కిరాణా కొట్టు షావుకారు లక్ష్మీప్రసాద్ గారికి ఈ లోకాన్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది. "లీటరుకి ఎంత?" కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు కారు దిగి నమస్కారం పెడితే, బదులుగా ఆ ప్రశ్నే. అంబులెన్సు డ్రైవరు రోగిని దింపుతుంటే స్ట్రెచర్ పక్కన నిలబడి ఆ ప్రశ్నే. ఒకసారి చుట్టాలింట్లో పెళ్లిచూపులకు వచ్చిన కుర్రాడు తన ఉద్యోగం గొప్పతనం చెప్పుకుంటుంటే, "అది సరే బాబూ, బయటెట్టిన బండి లీటరుకి ఎంతిత్తాది?" అని అడ్డం తగిలారు. ఇరవై అని విన్నాక, పిల్లను కళ్లు మూసుకుని ఇచ్చేయమని తీర్పు చెప్పారు.

ఇంత ఆరా తీసే మనిషికి సొంతంగా ఒక పాత డీజిల్ జీపు ఉంది. వయసు ఇరవై దాటింది. వెనక చక్రాలు మాత్రమే లాగే బండి. అదే ఈడు జీపులు అవే ఘాట్ రోడ్ల మీద లీటరుకి పదకొండు కిలోమీటర్లు ఇస్తుంటే, షావుకారు జీపు తొమ్మిది ఇచ్చి ఊరుకుంటుంది.

ఆ తగ్గిన రెండు కోసం ఆయన చేయని తపస్సు లేదు. వానాకాలంలో ఎవరైనా జీపెక్కాలంటే ముందు గొడుగు దులపాలి.

"నీలకీ బరువుంటాదమ్మా. దులుపు. ఇంకా దులుపు."

చెప్పులకు అంటిన బురద గీకాలి. మూటలు చేత్తో ఎత్తి చూస్తారు. కడుపు నిండుగా కనిపించినవాళ్లను ఎగాదిగా చూస్తారు.

"ఇప్పుడే తినేసి వత్తన్నావేటి?"

"లేదు షావుకారు గారూ, రెండిడ్లీ తిన్నాను."

"నాలుక్కి తక్కువ కాదు. ఎల్లి ఎనక కూకో."

హారన్ వైరు ఎప్పుడో పీకేశారు. హారన్‌కి బ్యాటరీ కావాలి, బ్యాటరీకి డైనమో తిరగాలి, డైనమోకి డీజిలు తాగించాలి అన్నది ఆయన వాదం. ఘాట్ మలుపుల్లో మంచు దట్టంగా ఉంటే, తల కిటికీలోంచి బయటికి పెట్టి "ఓయ్! వత్తన్నాం!" అని తానే కేకేస్తారు. ఎవరైనా చెయ్యెత్తితే బండి నెమ్మదిస్తుంది కానీ ఆగదు. ఆగిన బండిని మళ్లీ కదిలించడమంటే డీజిలును కాలవలో పొయ్యడమేనట. అయితే దిగుడులో న్యూట్రల్ వేసేవాళ్లంటే మాత్రం మండిపడతారు. "గేరులో దిగు. యాక్సిలేటరు తొక్కక్కర్లేదు, సుక్క ఖర్చవదు. న్యూట్రల్‌లో దిగినోడికి డీజిలు మిగుల్తాదేమో, ఆడు మిగలడు" అంటారు.

అన్నిటికన్నా వింత, ఆయన మీటరును నమ్మరు. "అది అబద్ధాలకోరు. నడిచినదానికంటే ఎక్కువ సెప్తాది" అని దాని మీద గుడ్డముక్క కప్పేశారు. దూరం లెక్క రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతోనే. భార్య సత్యవతమ్మ పాడేరు పేరంటానికి వెళ్లినా దారంతా ఎడమవైపు చూస్తూ రాళ్లు లెక్కపెట్టాలి.

"ముప్పయ్యో రాయి సూసేవా?"

"కాస్త కునుకు పట్టిందండీ."

"హయ్యో! కిలోమీటరు పోయింది కదే!"

"ఎక్కడికీ పోలేదు. రోడ్డు మీదే ఉంది, వచ్చేటప్పుడు చూద్దురుగాని" అని ఆవిడ మళ్లీ కళ్లు మూసుకుంది.

ఇన్ని నియమాలున్న జీపులో ఏ నియమమూ లేని ప్రయాణికుడు ఒకడున్నాడు. జాకరమెట్ట అనే కొండ మీద గూడెంలో ఉండే గాసి. అరవై దాటింది, మోకాళ్లు పనిచేయవు. ప్రతి సంతరోజూ పొద్దున్నే షావుకారు జీపు వెళ్లి అతన్ని తెస్తుంది, సాయంత్రం దింపి వస్తుంది. గాసి గొడుగు దులపడు. బురద చెప్పులు, దుప్పటి, ఒక్కోసారి పనసకాయ, అన్నిటితో దర్జాగా ఎక్కుతాడు. ఇదేమి న్యాయమని జనం అడిగితే షావుకారు దగ్గర జవాబు సిద్ధం.

"ఎర్రోళ్లలాగున్నారే! మెట్ట ఎక్కాలంటే ఎనక టైర్లమీద బరువుండాలి. లేకపోతే జారిపోద్ది. గాసి పాసింజరు కాదు, బండి సామాను."

గాసి ఆ మాట గట్టిగా నమ్మాడు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని, "నాను ఎక్కకపోతే సావుకారు బాబు బండి మెట్టెక్కదు" అని పదిమందికీ చెప్పుకుంటాడు. మరి పొద్దున్న తను లేకుండానే బండి పైకెలా వస్తోందన్న ప్రశ్న అతనికి తట్టలేదు. జనం మాత్రం, గాసి దగ్గర చింతపండు చవగ్గా కొట్టేయడానికే షావుకారు ఈ నాటకం ఆడుతున్నాడని గుసగుసలాడుకున్నారు.

ఈ జీపు వల్ల బతుకు చేదైపోయిన మనిషి మెకానిక్ రవిబాబు. జోలాపుట్ రోడ్డులో అతనిది రేకుల షెడ్డు. కంప్యూటరు పెట్టి చూసే కొత్త బళ్లు అతని షెడ్డు ముందునుంచి జారుకుని కొండ దిగిపోతాయి. మిగిలింది నాలుగైదు ముసలి జీపులు, రేకుల మీద వాన చప్పుడు. ఉన్న కాస్త పేరునూ షావుకారు జీపు తినేసింది. నాజిల్స్ కడిగాడు, పంపు విప్పి బిగించాడు, బేరింగులు మార్చాడు. తొమ్మిది తొమ్మిదే. "రవిబాబు సెయ్యి పడితే బండికి తాగుడు అలవాటైపోద్ది" అని సంతలో నవ్వుకున్నారు. షావుకారు ఒక్కరే అతన్ని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు, బండిని ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్లనూ లేదు. రవిబాబుకు అదే ఎక్కువ బాధ. షెడ్డు మూసే రోజు ఎలాగూ దగ్గరపడుతోంది, ఈలోగా ఆయన చేతిలో ఒక్కసారి పదకొండు పెట్టి పోవాలని అతని కోరిక.

ఈ శ్రావణంలో ముసురు పట్టి పదమూడు రోజులు సూర్యుడు కనపడలేదు. షావుకారు కంటి ఆపరేషనుకి విజయనగరం వెళుతూ జీపును షెడ్డులో పెట్టారు.

"బ్రేకులు సూడు, క్లచ్చి సూడు. ఎనక యాక్సిలు జోలికి మాత్రం ఎల్లకు."

"ఏం షావుకారు గారూ?"

"అది బాగానే ఉంది. దాన్నొగ్గీ."

ఆయన బస్సెక్కిన నాలుగో రోజున వెనక చక్రాలను కలిపే యాక్సిల్ నుంచి ఆయిలు కారుతూ కనిపించింది. కారుతున్నదాన్ని చూసి మెకానిక్ చెయ్యి ఊరుకోదు. జాకీ వేసి, ఇంజను నుంచి వెనక్కి వచ్చే షాఫ్టు మీద సుద్దముక్కతో గీత పెట్టి, చక్రం తిప్పుతూ లెక్కపెట్టాడు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు నాలుగుంపావు చుట్లు తిరగాలి. ఇది అయిదుంపావు తిరిగింది. మళ్లీ తిప్పాడు. అయిదుంపావే.

రవిబాబు తడినేల మీద చతికిలబడి నవ్వాడు. ముసురు పట్టాక అది మొదటి నవ్వు. ఎవడో వెనక తప్పు గేరు వేశాడు! చక్రం ఒక చుట్టుకి ఇంజను అన్నేసి చుట్లు తిరిగితే డీజిలు తాగక ఏం చేస్తుంది? షాఫ్టు ఎక్కువ తిరిగితే దాని వెంబడే మీటరూ ఎక్కువే చూపిస్తుంది. మీటరు అబద్ధాలకోరన్న మాట అక్షరాలా నిజం. మరి ఆ సంగతి షావుకారుకి ఎలా తెలిసిందన్న అనుమానం అతనికి రావలసింది, సంతోషంలో రాలేదు.

సీలేరు కాలనీలో మూలపడిన జీపు ఒకటుందని విని, వానలో రెండు రోజులు బస్సులు మారి, సరైన గేరు సెట్టును గోనెసంచిలో మోసుకొచ్చి బిగించాడు. లీటరు సీసాకి పైపు తగిలించి, రాళ్లు లెక్కపెట్టుకుంటూ నడిపి చూశాడు. పదకొండు. సీసాకి దండం పెట్టాడు.

షావుకారు తిరిగి వచ్చేసరికి రెండు సంతలు దాటిపోయాయి. మూడో సంతరోజు తెల్లారగానే, మంచులో నల్లద్దాలు పెట్టుకుని షెడ్డుకి వచ్చారు.

"స్టీరింగు పట్టొద్దన్నాడు డాక్టరు, బరువెత్తొద్దన్నాడు. నువ్వే తోలు. బేగి పద, గాసి సూస్తంటాడు."

ఊరు దాటాక రవిబాబు ఆగలేకపోయాడు.

"షావుకారు గారూ, లీటరుకి పదకొండు."

"ఎవరిది?"

"మనదే. ఈ బండే."

షావుకారు నల్లద్దాలు తీసేశారు. ఎర్రబడ్డ కళ్లు చెమ్మగిల్లాయి. "పదకొండా!" అని రెండుసార్లు అన్నారు, రుచి చూస్తున్నట్టు. అంతలో ముఖం వాడిపోయింది.

"ఎలగొచ్చింది?"

"ఎనక ఎవడో తప్పు గేరేసేడండీ. తీసి సరైంది ఏసేను."

షావుకారు ముందున్న దారివైపు చూశారు. "మెట్టెక్కుద్దేమో సూద్దాం. పోనీ" అన్నారు.

జాకరమెట్ట అడుగుకు చేరాక రవిబాబు తలెత్తి చూశాడు. అతను ఈ దారి ఎప్పుడూ రాలేదు. నిలువుగా లేచిన ఎర్రమట్టి దారి, మీద వాననీళ్లు. ఫస్టు గేరులో సగం దాకా లాగిన జీపు దగ్గింది, వణికింది, ఆగిపోయింది. వెనక్కి జారి, మళ్లీ ఊపందుకుంటే అక్కడే చచ్చింది.

షావుకారు దిగి బరువు తీయడం మొదలెట్టారు. జాకీ, పనిముట్ల పెట్టె, చెప్పులు, తన భుజం మీది కండువా కూడా తీసి గట్టున పెట్టారు. స్టెప్నీ మీద చెయ్యి వేస్తే రవిబాబు లాక్కుని తానే దింపాడు.

"డీజిలు కేను కూడా తియ్యి. పారబోసినా పర్లేదు."

ఆయన నోట ఆ మాట విని రవిబాబుకు భయం వేసింది.

కొండ మీంచి ఒక గొంతు. ఆకులతో అల్లిన గిడుగు నెత్తిన పెట్టుకుని, ఇంటి ముందు రాయి మీద గాసి. పొద్దున్నుంచీ తయారై కూర్చున్నాడు.

"సావుకారు బాబో! బరువు తియ్యకండి! ఎయ్యండి! ఎనక బరువు లేకుండా బండెక్కుద్దేటి? మీరే సెప్పేరు గదా!"

మూడోసారీ జీపు ఎక్కలేదు. షావుకారు తడిసిన గట్టు మీద కూలబడ్డారు.

"అది తప్పు గేరు కాదు రవీ. పదకొండేళ్ల కిందట సాలూరు ఎల్లి లారీ మేస్త్రీల సేత నేనే ఏయించేను. ఈ మెట్ట ఎక్కడానికి. తాగుడెక్కువైనా దానికి లాగుడెక్కువ."

"గాసి కోసమా?"

"రోడ్డు లేని రోజుల్లో నా కొట్టు ఆడి బుజం మీదుండీది. ఉప్పు, కిరసనాయిలు, ఇరవై ఏళ్లు కావిడేసి ఈ కొండలన్నీ మోసేడు. ఆడి మోకాళ్లు ఎక్కడ పోనాయనుకున్నావు? లోకంలో ప్రతీ బండినీ లీటరుకి ఎంతని అడిగేను. ఆడినొక్కడినీ అడగలేదు." ఆయన కళ్లు తుడుచుకోబోయి, డాక్టరు వద్దన్నాడని ఆగారు. "మోకాళ్లు పోనాక ఆర్నెల్లు సంతకి రాలేదు. సంతకి రాని మనిషి ఏం మనిషిరా? ఊరికే ఎక్కమంటే ఎక్కడు, పౌరుషం. అందుకే బరువు కావాలని అబద్ధమాడేను. ఇప్పుడికీ నాకు మోస్తన్నాననే అనుకుంటన్నాడు."

"నాకైనా సెప్పొచ్చు కదండీ."

"నీకు సెప్తే సంతకి సెప్పినట్టే. పోయిన రెండు కిలోమీటర్లూ మీ గొడుగుల్లోను, సెప్పుల్లోను ఏరుకుంటన్నాను."

రవిబాబుకు సిగ్గు ముంచుకొచ్చింది. లుంగీ ఎగ్గట్టి, మెట్ట ఎక్కి, గాసి ముందు వీపు వంచాడు.

"నన్ను మొయ్యడమేటి? బండే రావాల" అన్నాడు గాసి.

"బండికి నువ్వే కావాలట. ఎక్కు."

గాసి బరువైన మనిషి. బురదలో ఒక్కొక్క అడుగే వేస్తూ రవిబాబు రొప్పుతూ దిగుతున్నాడు. సగం దారిలో గాసి అతని చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"బాబూ, సెప్పులిప్పీమంటావేటి?"

ఆ రోజంతా గాసి సంతలో, టీ కొట్టు బల్ల మీద, వచ్చిన ప్రతివాడినీ పలకరిస్తూ కూర్చున్నాడు. రవిబాబు ఆ రోజంతా జీపు కింద పడుకుని, పారేయకుండా ఉంచిన పాత గేరు సెట్టును మళ్లీ బిగించాడు. "ఈసారైనా పదకొండు వత్తాదేటి?" అని ఎవరో షెడ్డు ముందు నవ్విపోయారు. రవిబాబు కింద నుంచే, "రాదు. నా చేతి పని అంతే" అన్నాడు.

పొద్దుగూకే వేళ ముసురులోనే జీపు జాకరమెట్ట ఎక్కింది. ఫస్టు గేరులో, నింపాదిగా, ఒక్కసారైనా దగ్గకుండా. వెనక సీట్లో దుప్పటి కప్పుకున్న గాసి ముందుకు వంగాడు.

"సూసేరా? పొద్దున్న నాను లేను, ఎక్కలేదు. ఇప్పుడు నానున్నాను, ఎక్కీసింది."

"మరే గాసీ. నువ్వు లేకపోతే ఈ బండి ఎక్కదు" అన్నారు షావుకారు.

అతన్ని ఇంట్లో దింపి తిరిగి వస్తుంటే, మంచులో కిలోమీటరు రాళ్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి.

"లీటరుకి ఎంతొచ్చుంటాది రవీ?"

"తొమ్మిదేనండీ."

షావుకారు పెద్దగా నిట్టూర్చారు. తర్వాత రవిబాబు పక్కనున్న గొడుగు వైపు అనుమానంగా చూశారు.

"దులిపే ఎక్కేవా?"

రవిబాబు బండి ఆపలేదు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో గొడుగు కిటికీలోంచి బయట పెట్టి, బాగా దులిపాడు.