పెరుగు ప్యాకెట్‌కి హెల్మెట్ ఎందుకన్నారు మా ఆయన

ఆ శనివారం పొద్దున మా ఆయన పెరుగు ప్యాకెట్ తెచ్చి చెప్పుల స్టాండులో పెట్టారు. చూసి నాకు నవ్వొచ్చింది. "చెప్పులకు పెరుగన్నం పెడతారా ఏమి?" అన్నాను. ఆయన నవ్వలేదు. నా వైపు చూసి, "ఈ రోజు ఆఫీసు ఉండాదా?" అని అడిగారు. శనివారమని చెప్పాను. ప్యాంటు మోకాలి దగ్గర ఇసుక, ఎడమ చెవి పైన గీరుకుపోయిన గుర్తు కనిపించాయి. ఏమైందంటే, మూలమలుపులో ఎవరో ఇల్లు కడుతూ రోడ్డు మీద ఎం-శాండ్, అదే రాతిపొడి ఇసుక, పోశారని, దాని మీద సైకిల్ జారిందని, తల ఫుట్‌పాత్ రాయికి కొట్టుకుందని చెప్పారు. చాలా మామూలుగా చెప్పారు. సైకిల్ తోసుకుంటూ తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చిన మనిషికి ఆస్పత్రి ఎందుకని ఇద్దరం అనుకున్నాం. గాయం తుడిచి, టిఫిన్‌కి ఉప్పిట్టు, అదే ఉప్మా, పెట్టాను. రెండు చెంచాలు తిని, "ఈ రోజు ఆఫీసు ఉండాదా?" అని మళ్ళీ అడిగారు. కాఫీ లోటా ఆయన కుడిచేతిలోంచి జారిపోయింది. పడిన లోటా వైపు కాదు, తన చేతి వైపే చూసుకుంటూ కూర్చున్నారు. ఆ తరవాత వాంతి అయింది.

మాది సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంటు. మా ఆయన పేరు శ్రీధర్, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవారు. నేను కె.ఆర్.పురంలో పుట్టి పెరిగినదాన్ని. తాతల కాలంనుంచీ మావాళ్ళది ఇక్కడే బట్టల వ్యాపారం. నేనొక స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. మాకు ఒక్కతే కూతురు, హాసిని, ఆరో క్లాసు. ఆ శనివారం అది సెలవులకని కె.ఆర్.పురంలో మా అమ్మ దగ్గర ఉంది.

మా ఆయన హెల్మెట్ లేకుండా తిరిగే మనిషి కాదు. ఆదివారం తెల్లారకముందే సైకిల్ గుంపుతో దేవనహళ్ళి వైపో, ఆనేకల్ వైపో వెళ్ళేవారు. ఆ గుంపులో హెల్మెట్ లేనివాణ్ణి రానివ్వరు. ఈయనా నిష్ఠగా పెట్టుకునేవారు. వీధి చివరి కొట్టుకు పోయేటప్పుడు మాత్రం పెట్టుకునేవారు కాదు. అడిగితే, "పెరుగు ప్యాకెట్‌కి హెల్మెట్ ఎందుకే? బండికైతే పోలీసాయన ఆపుతాడు, సైకిల్‌కి ఎవరడుగుతారు? ఎవరిష్టం వాళ్ళది" అనేవారు. దూరం పోతేనే ప్రమాదం, ఇంటి దగ్గర ఏమవుతుందిలే అనే ధైర్యం. మా అపార్ట్‌మెంటులో సైకిల్ తొక్కే మగవాళ్ళందరిదీ ఇదే లెక్క.

దానికి తోడు అప్పుడు ఆయన గుండుతో ఉన్నారు. పోయిన ఉద్యోగం మళ్ళీ దొరికితే కొడుకుతో తలనీలాలు ఇప్పిస్తానని మా అత్తమ్మ మొక్కుకుంది. దొరికింది. తిరుపతికి వెళ్ళి వచ్చాం. గుండు మీద హెల్మెట్ జారుతోందని దాన్ని తీసి అల్మారా పైన పెట్టేశారు. వెంట్రుకలు మొలిచేదాకా ఆదివారం రైడ్లకు కూడా సెలవన్నారు. హెల్మెట్ వెనక చిన్న చక్రం ఉంటుంది, తిప్పితే బిగుస్తుంది. అది ఆయనకు తెలియక కాదు. బద్ధకం, అంతే.

పక్కింటివాళ్ళ కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. దారిలోనే మాట ముద్దగా వచ్చింది, ఆ తరవాత మాటే రాలేదు. ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు ఆయన తల చూసి, అప్పుడే షేవ్ చేసేశారా, ఎవరు చేశారని కన్నడలో నర్సును అడిగాడు. తిరుపతి అని నేను చెప్పాను. "ఓకే, మనకు టైమ్ మిగిలింది" అన్నాడు. తప్పుగా అనలేదు, ఆ అబ్బాయి తొందర ఆ అబ్బాయిది. కానీ ఆ మాట ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు.

సీటీ స్కాన్ తీశారు. న్యూరోసర్జన్ వచ్చి నిలబడే చెప్పారు. "లెఫ్ట్ సైడ్ సబ్‌డ్యూరల్ హెమటోమా మేడమ్, మెదడు మీద రక్తం గడ్డకట్టింది. ఫ్రంట్‌లో కంట్యూజన్స్, కమిలిన దెబ్బలు కూడా ఉన్నాయి. బ్రెయిన్ వాస్తోంది. ఎముక తీసి దానికి చోటివ్వాలి. డీకంప్రెసివ్ క్రేనియెక్టమీ అంటాం." బతుకుతారా అని అడిగాను. "ముందు ఆపరేషన్ చేద్దాం" అన్నారు. అంతకన్నా ఏమీ చెప్పరని నాకు అర్థమైంది. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను.

తీసిన ఎముకను, బోన్ ఫ్లాప్ అంటారు, పొట్ట చర్మం కింద దాచి కుట్టేశారు. వాపు తగ్గాక అదే తీసి మళ్ళీ తలకు పెడతారట. మనిషి పుర్రె ముక్క మనిషి పొట్టలోనే ఉంటుందని విని అత్తమ్మ కుర్చీలో కూలబడిపోయింది. ఐసీయూలో వెంటిలేటర్, ఊపిరికి గొంతులో ట్రాకియాస్టమీ గొట్టం, ఆహారానికి ముక్కులో రైల్స్ ట్యూబ్. రోజుకు రెండుసార్లు లోపలికి పంపేవారు. నేను వెళ్ళి చెవి దగ్గర హాసిని కబుర్లు చెప్పి వచ్చేదాన్ని. అత్తమ్మ బయట కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ ఒకటే చెప్పేది. "నేను మొక్కకపోయింటే వాడు టోపీ పెట్టుకొనే పోయుండేవాడు." ఆమెకు హెల్మెట్ అన్నా టోపీయే. ఆ మాట తప్పని చెప్పే ఓపిక నాకు లేదు, నిజమని ఒప్పుకునే మనసూ రాలేదు. చూడవచ్చినవాళ్ళు ఇంకోరకం. ఒకాయన సర్జన్ ఎదురుగానే ఆయుర్వేదం చెప్పాడు. ఇంకొకాయన హెల్మెట్ లేదా అని నన్ను అడిగి, లేదంటే తల ఊపి, కాఫీ తాగి వెళ్ళాడు.

సర్జన్‌ను నేనూ ఒకసారి అడిగాను, హెల్మెట్ ఉండుంటే ఏమయ్యేదని. "ఇదే దెబ్బ ఇంత లోపలికి దిగి ఉండేది కాదని నా ఎక్స్‌పీరియన్స్. గ్యారంటీ అని ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు దాని గురించి ఆలోచించకండి" అన్నారు. ఆలోచించకుండా ఎలా ఉంటాను?

ఆయన కళ్ళు తెరిచారు. కొన్ని వారాల తరవాత ట్యూబులు తీశారు. కుడి చెయ్యి, కుడి కాలు బలహీనం. ముందు తెలుగు మాటలు వచ్చాయి, ఆ తరవాత కన్నడం. రోజంతా ఆఫీసులో మాట్లాడిన ఇంగ్లీషు మాత్రం ఎక్కడో చిక్కుకుపోయింది. నన్ను గుర్తుపట్టారు. నా పేరు పిలిచిన రోజు నేను బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. ఇక అంతా బాగవుతుందనుకున్నాను. షార్ట్ టర్మ్ మెమరీ దెబ్బతిందని, కొత్త విషయం నిలబడదని, ఎంత తిరిగొస్తుందో కాలమే చెప్పాలని సర్జన్ అన్నారు. టిఫిన్ తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు.

డిశ్చార్జ్ చేస్తూ ఒక జాగ్రత్త చెప్పారు. ఎడమవైపు ఎముక లేదు కాబట్టి మంచం దిగితే చాలు హెల్మెట్ పెట్టాలి. సర్జికల్ షాపులో మెత్తటి ఫోమ్ హెల్మెట్ కొన్నాం. అట్లా మా ఆయన పడకగదినుంచి బాత్రూంకి, బాత్రూంనుంచి సోఫాకి హెల్మెట్‌తో నడవడం మొదలుపెట్టారు. వీధి చివరికి పెట్టుకోని మనిషి, ఇంట్లో నాలుగడుగులకు పెట్టుకున్నారు. మధ్యలో ఒకసారి ఫిట్స్ వచ్చి మళ్ళీ ఆస్పత్రికి పరిగెత్తాం, మాత్రలు పెంచారు. ఎముక తిరిగి పెట్టే ఆపరేషన్, క్రేనియోప్లాస్టీ, అందువల్ల ఇంకా వెనక్కి పోయింది.

హెల్మెట్‌ను తడుముకుని ఆయన అడిగేవారు. "నాకేమైంది?" సైకిల్ మీదనుంచి పడ్డారని చెప్పేదాన్ని. "హెల్మెట్ పెట్టుకున్నానా?" లేదని చెప్పేదాన్ని. అప్పుడే మొదటిసారి విన్నట్టు ఆయన ముఖం మారిపోయేది. ఏడ్చేవారు. చిన్నపిల్లల ఏడుపు కాదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తప్పు చేసిన పెద్దమనిషి ఏడుపు. సాయంత్రానికి మరిచిపోయేవారు. రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ హెల్మెట్ తడుముకునేవారు, మళ్ళీ అడిగేవారు. ఒక మనిషికి అదే చావుకబురు రోజూ చెప్పినట్టుండేది. ఒకరోజు నావల్ల కాలేదు. "పెట్టుకున్నారు" అన్నాను. "ఔనా?" అని ఆయన కుదుటపడి అన్నం తిన్నారు. అప్పటినుంచి అడిగినప్పుడల్లా అదే చెప్పాను. అత్తమ్మ కూడా అదే చెప్పింది. ఇల్లు కాస్త నెమ్మదించింది.

హాసిని స్కూళ్ళు తెరిచే ముందు ఇంటికి వచ్చింది. నాన్నను చూసి మొదట్లో భయపడేది. ఆయనకు కోపం ఎక్కువైంది, గ్లాసు విసిరేవారు. మెల్లమెల్లగా దగ్గరికి చేరింది. పక్క లేఔట్‌లో ట్యూషన్, సైకిల్ మీద పోయి వస్తుంది. ఒక సాయంత్రం సైకిల్ తీస్తుంటే చూశాను, తల మీద హెల్మెట్ లేదు. ఎక్కడ అంటే, పెట్టుకోనంది.

"నాన్న పెట్టుకొని కూడా ఇట్లయినాడు కదమ్మా. ఇంక అది ఎందుకు?"

నా అబద్ధం ఎప్పుడు విన్నదో, ఎన్నిసార్లు విన్నదో. సోఫాలో కూర్చున్న ఆయన కూడా అందుకున్నారు. "నిజమే కదే. నాకేం లాభమయింది? పోనీలే, దగ్గరే కదా."

దగ్గరే కదా అన్నమాట ఆయన నోట మళ్ళీ విన్నాను. చదువుతున్న మీరు నన్ను తిట్టుకుంటారేమో, ఆ క్షణంలో నాకు ఆయన మీద ఒళ్ళుమండే కోపం వచ్చింది. జబ్బుమనిషి మీద కోపమేమిటని ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. అత్తమ్మ వంటింట్లోంచి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. నిజం చెబితే ఆయన కుంగిపోతారు, ఫిట్స్ వస్తాయేమో. చెప్పకపోతే ఈ పిల్ల రోజూ ఉత్త తలతో ఆ ఇసుక మలుపులోనుంచే పోయి వస్తుంది. ఆయన పక్కన కూర్చుని, హాసినిని కూడా రమ్మని, ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"లేదండీ. ఆ రోజు మీరు హెల్మెట్ పెట్టుకోలేదు."

ఆయన నన్నే చూశారు. "ఎందుకు పెట్టుకోలేదు?"

"గుండు మీద జారుతోందన్నారు. కొట్టు దగ్గరే కదా అన్నారు."

"నేనేనా, అట్లనింది?"

"మీరే."

ఎప్పటిలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. హాసిని కూడా ఏడ్చింది. అబద్ధం ఎందుకు చెప్పావని నన్ను అడగలేదు, నా వైపు చూసింది, అంతే. కొంచెం తేరుకున్నాక ఆయన దాంతో, "నీది తీసుకురాపో" అన్నారు. తెచ్చింది. దాని తల మీద పెట్టి గడ్డం కింద క్లిప్పు తగిలించబోయారు. కుడిచేతి వేళ్ళు పట్టు దొరకక జారిపోతున్నాయి. ఫిజియోథెరపీలో బట్టల క్లిప్పులు తీసి పెట్టడమే ఆయనకు కష్టం. నేను సాయం పట్టబోతే హాసిని వద్దంది. గడ్డం పైకెత్తి, ట్యూషన్‌కు ఆలస్యమవుతున్నా కదలకుండా నిలబడింది. ఎంతసేపటికో క్లిప్పు పడింది.

ఆ తరవాతి చెకప్‌లో సర్జన్‌కు ఇదంతా చెప్పాను. ఏడిపించానా, తప్పు చేశానా అని అడిగాను. "ఏడ్చినంత మాత్రాన ఫిట్స్ రావు మేడమ్, మాత్రలు మానకండి. ఆయన మరిచిపోతారు. అమ్మాయి మరిచిపోదు కదా" అన్నారు.

ఇప్పుడు క్రేనియోప్లాస్టీ కూడా అయిపోయింది. ఇంట్లో హెల్మెట్ అక్కర్లేదు. కర్ర లేకుండా నడుస్తారు. పోపు మాడినా వాసన తెలియదు. ఉద్యోగం లేదు, ఇక రాదు. సైకిల్ తొక్కకూడదన్నారు. ఆదివారం పొద్దున కిటికీ దగ్గర నిలబడి గుంపు వెళ్తుంటే చూస్తారు, వాళ్ళలో ఎవరి పేరూ గుర్తుండదు. నా పక్కన ఉన్నది మా ఆయనే, కానీ నేను పెళ్ళి చేసుకున్న మనిషి పూర్తిగా తిరిగి రాలేదు. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేను, ఇక్కడ రాస్తున్నాను.

సైకిల్‌కి హెల్మెట్ ఎవరిష్టం వాళ్ళదే, ఆ మాట కాదనను. చట్టం అడగదు, పోలీసు ఆపడు. నేను చెప్పేది ఒక్కటే. దాన్ని అల్మారాలో పెట్టకండి, సైకిల్ హ్యాండిల్‌కే తగిలించి ఉంచండి. దాన్ని చేత్తో తీయందే సైకిల్ కదలకూడదు. చేతిలోకి వచ్చాక తలమీద పెట్టుకోవడానికి బద్ధకం ఉండదు, అది కొట్టుకైనా, గుడికైనా.

మా ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఈ పొద్దున కూడా తల మీది కుట్ల గీత తడుముకుని, "హెల్మెట్ పెట్టుకున్నానా?" అన్నారు. లేదని చెప్పి, ఏడుపు ఆగేదాకా పక్కన కూర్చుని, స్కూలుకు ఆలస్యంగా వెళ్ళాను. రేపు కూడా అడుగుతారు. రేపు కూడా లేదనే చెబుతాను.