విశ్వాసం పెట్టిన పొగగొట్టం

ఏమాటకామాటే చెప్పుకోవాలి, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్ళే ఆ పాత బస్సెక్కినవాళ్ళు దిగేసరికి సగం చచ్చేవారు. ఇంజను కడుపులో పుట్టిన నూనెపొగ కింది పలకల సందుల్లోంచి మొహాన కొట్టేది. పంతొమ్మిదివందల ముప్పయ్యైదో సంవత్సరం వేసవిలో డ్రైవరు విశ్వాసానికి పంతం పుట్టింది. పొగ వచ్చే కన్నానికి ఇనపగొట్టం బిగించి, బస్సు పక్కనుంచి కిందికి దించి, కొసని వెనక్కి ఏటవాలుగా కోశాడు. బస్సు పరిగెడితే గాలే పొగని లాక్కుపోతుందని అతని లెక్క.

"ఉన్న రోగం చాలక ఈ వైద్యం కూడానా?" అన్నారు యజమాని భార్య వీరరాఘవమ్మ గారు. బస్సు మొగుడిదే గానీ పెత్తనం ఆవిడదే.

"చూడండమ్మగారూ, మీకే తెలుస్తుంది."

తెలిసే రోజు అలా వస్తుందనుకోలేదు పాపం! ఉంగుటూరులో అతని భార్య హన్నమ్మకి కాన్పు కష్టమైంది. బిడ్డ అడ్డం తిరిగింది, ఏలూరు ఆసుపత్రికి తీసుకుపోకపోతే ఇద్దరూ దక్కరని మంత్రసాని సూరమ్మ చేతులెత్తేసింది. అదే ఊళ్ళో ఉన్న వీరరాఘవమ్మ గారు మారుమాట లేకుండా బస్సిచ్చారు. సూరమ్మ కూడా ఎక్కింది.

భీమడోలు దాటారో లేదో, ఇంజను హోరెత్తింది, చక్రాలు మాత్రం కదలవు. గేరు మార్చాడు, తొక్కాడు. ఊహూ! వెనక హన్నమ్మ కేక. దూకి మూత ఎత్తి చూస్తే నూనె కొలిచే కడ్డీ ఎగిరిపడి ఉంది. నూనె వెనక్కి తన్ని క్లచ్చి మీద కారుతోంది, అది జారిపోయి చక్రాలకి బలం అందడంలేదు.

"నా గొట్టమే నా హన్నమ్మని చంపేస్తోంది, దేవుడా!" అని నెత్తి కొట్టుకుంటూ కిందికి దూరాడు. గొట్టం మూతికి పసుపుగుడ్డ, నాలుగు మడతలేసి బిగించిన ముడి!

"అమ్మగారే కట్టారయ్యా, పురిటిమనిషికి దిష్టి తగలకూడదని" అంది సూరమ్మ. "మనల్ని ముట్టుకోరు గదా, బస్సుకి కట్టారు."

ఆవిరి పోయే దారి మూసేస్తే కుండ మూత ఎగరదూ? ఇంజనూ అంతే. గుడ్డ కోసి పారేశాడు. డబ్బాలో మిగిలిన నూనె పోశాడు. రోడ్డు మీది మెత్తటి దుమ్ము దోసిట పట్టి, కాళ్ళ దగ్గరి పలక లేపి క్లచ్చి మీద చల్లాడు. దుమ్ము నూనెని పీల్చుకుంది, క్లచ్చి పట్టింది! గుండుగొలను దాటాక హన్నమ్మ గొంతు ఆగిపోయింది. కేక వినబడితే ఓ భయం, వినబడకపోతే వంద భయాలు. విశ్వాసం ఏడుస్తూనే నడిపాడు.

డాక్టరమ్మ కోసి బిడ్డని తీసింది. ఆడపిల్ల. ఇద్దరూ బతికారు.

వాళ్ళు ఇంటికొచ్చాక వీరరాఘవమ్మ గారు వాకిటి బయటే నిలబడి అడిగారు. "నా గుడ్డే కాపాడింది కదరా?"

విశ్వాసానికి ఒళ్ళు మండింది. నాలుగూ దులిపేద్దామనే ఉంది, కానీ అడగ్గానే బస్సిచ్చిన మనిషాయె. పోనీ ఊరుకుంటే రేపు మళ్ళీ గొట్టానికే కడతారు. బిడ్డని తెచ్చి ఆవిడ ముందు పట్టుకున్నాడు.

"ఈసారి గొట్టానికొద్దండి, ఇంజనుకి ఊపిరాడదు. కట్టేదేదో దీనికే కట్టండి."

ఆవిడ ఓ అడుగు వెనక్కి వేశారు. పిల్ల కెవ్వుమంది. "అయ్యో, అయ్యో, నా తల్లే!" అంటూ రెండు చేతులూ చాచి తీసేసుకున్నారు.